రెండుసార్లు కృష్ణ దాటిన పిల్లి

అదిగో, మళ్ళీ మొదలెట్టింది. తలుపు అడుగు చెక్కని గోళ్ళతో బరుకుతోంది, కాసేపు ఆగుతుంది, చీకట్లోకి వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తుంది, మళ్ళీ బరుకుతుంది. ఆ తలుపు ఇంటివాళ్ళది, పోయిన దీపావళికే రంగు వేయించారు, తెల్లారి ఆ గీతలు చూసి ఇంటావిడ ఏమంటుందో అది వేరే సంగతి. దుర్గారావు చాప మీద లేచి కూర్చున్నాడు. నీకేం తక్కువ చేశామే, అని అడిగాడు పిల్లిని, గట్టిగా కాదు, అవతల రామలక్ష్మి పడుకుని ఉంది కాబట్టి గొంతులోనే. పాత తువ్వాలు పరిచిన ప్లాస్టిక్ బుట్ట ఉంది. మూలన బేసినులో ఇసక ఉంది. గిన్నెలో పాలున్నాయి, పళ్ళెంలో అన్నంలో కలిపిన కానాగంత చేప ముక్క ఉంది, ముల్లు తీసి మరీ పెట్టింది రామలక్ష్మి, కట్టుకున్న మొగుడికి ఏనాడూ ముల్లు తీసి పెట్టిన మనిషి కాదు. ఇంత చేస్తే అది వాసనైనా చూడలేదు. సాయంత్రం గోతం మూతి విప్పగానే ఒక్క దూకులో ఇనప పెట్టె వెనక్కి దూరింది, కరెంటు పోయాక చప్పుడు లేకుండా బయటికొచ్చి తలుపు పట్టుకుంది, అప్పట్నుంచీ ఇదే వరస. ఫ్యాను ఆగిపోయి గది ఉడికిపోతోంది. గాలి తిరిగినప్పుడల్లా గిలకలదిండి రేవు వైపునుంచి ఎండుచేపల వాసన వస్తోంది, స్టేషన్లో ఇంజను ఒకటి ముందుకీ వెనక్కీ పెట్టెలు మార్చుకుంటోంది. బందరు వచ్చిన రైలు ముందుకు పోవడానికి పట్టాలుండవు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఆ సుఖం కూడా ఈ పిల్లికి లేదు కదా అనుకునేసరికి దుర్గారావుకి మళ్ళీ ఒళ్ళు మండింది.

మంట పిల్లి మీద కాదని అతనికి తెలుసు. మొవ్వ శోభనాద్రి గారి మీద. చూడండి, ఇంత కోపంలో, ఇంత చీకట్లో, తన గదిలో తను కూర్చుని కూడా ఆయన పేరు చివర గారు తియ్యలేకపోతున్నాడు, అది మరీ మంటగా ఉంది. గుడివాడ నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సుకి దుర్గారావు కండక్టరు. సాయంత్రం అవనిగడ్డ నుంచి ఆఖరి ట్రిప్పు బందరు వచ్చి, బస్సు డిపోలో అప్పజెప్పి ఈ గదికి చేరతాడు. ఆ దారిలో బస్సు మనుషుల్ని మాత్రమే మోస్తుందని ఎవరూ అనుకోరు. అన్నం క్యారేజీలు, కంట్లో వేసుకునే చుక్కల మందు, పెళ్ళికూతురి జాకెట్లు, ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో ఇన్సులిన్, ఒకసారి ఎవరో పెద్దాయన పోతే గుడివాడ నుంచి గులాబీ దండ, ఆ దండ రాకుండా శవాన్ని లేపరని చెప్పి ఘంటసాల వాళ్ళెవరో రోడ్డు మీద గుంపుగా నించున్నారు, బస్సు ఆగగానే ఏడుపు కూడా ఆపి దండ వంక చూశారు. దుర్గారావూ, ఫలానా చోట మావాళ్ళుంటారు, అందించెయ్యి. అంతే మాట. లోపల ఏముందని అడక్కూడదు. అడిగే కండక్టరుకి ఎవరూ ఏమీ ఇవ్వరు, అడగడం మర్యాద కూడా కాదు. ఇన్నేళ్ళలో ఒక్క క్యారేజీ గిన్నె మారలేదు, ఒక్క దండ వాడలేదు, దుర్గారావు చేతిలో పెడితే ఇంట్లో పెట్టినట్టేనని ఆ దారి పొడుగునా అంటారు. ఆ మాటంటే అతనికి లోపల్లోపల గర్వంగా ఉండేది, ఇవాళ మధ్యాహ్నం దాకా.

మొవ్వలో బస్సు ఆగగానే శోభనాద్రి గారు గొడుగేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. పొలాలూ ఎరువుల కొట్టూ ఉన్న మనిషి, కార్తీకం వస్తే నెలంతా చేప ముట్టరు, జీవహింస మహాపాపమని కొట్టుకి వచ్చిన రైతులందరికీ చెప్తారు, చెప్పి పురుగుమందు కట్టిస్తారు. వెనకాల పాలేరు గోతం పట్టుకుని నించున్నాడు. పులిగడ్డ దగ్గర ఏరు దాటాక గట్టు మీద దింపెయ్యవయ్యా, దింపుకోడానికి ఎవరూ రారులే, దింపేస్తే చాలు, అన్నారు. ఎవరూ రారు అన్నప్పుడైనా బుర్ర పనిచెయ్యొద్దా? చెయ్యలేదు. అలాగేనండీ అన్నాడు దుర్గారావు, గోతాన్ని తన సీటు కింద తోయించాడు, రైట్ చెప్పాడు. ఘంటసాల దాటాక గోతం గుర్రుమంది. బస్సంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది. కూరగాయల బుట్టతో కూర్చున్న ఒకావిడ, ఓహో పిల్లిని దాటిస్తున్నారా అని, ఏదో పెళ్ళికి బయల్దేరినట్టు నవ్వుతూ అడిగింది. దొంగపిల్లిని చంపకూడదు, గోతంలో కట్టి నీళ్ళు దాటించెయ్యాలి, నీళ్ళు దాటిన పిల్లికి ఇల్లు గుర్తుండదు. ఇది దివిసీమకి వెళ్ళే బస్సులో ఎవరికీ కొత్త సంగతి కాదు. దింపేముందు గోతాన్ని మూడుసార్లు గిరగిరా తిప్పమని ఒకాయన సలహా ఇచ్చాడు, దిక్కు మర్చిపోతుందట. మూడు కాదు ఏడని ఇంకొకాయన. పాపం అన్నవాళ్ళు ఒక్కళ్ళు లేరు. చంపడం లేదు కదా, దాటిస్తున్నారు కదా, ఎంత దయగల ఇల్లో అన్నట్టున్నాయి అందరి మొహాలూ. ఆ దయ చూసే దుర్గారావుకి మంట మొదలైంది.

పులిగడ్డ దాటాక డ్రైవరు నాంచారయ్య బస్సు పక్కకి తీసి ఆపాడు. కానివ్వు బావా, అన్నాడు. దుర్గారావు గోతం పట్టుకుని గట్టు దిగాడు. జమ్ముగడ్డి, ఎండ, అక్కడెవరో పారేసిన కోడి ఈకలు, ఆ ఈకల దగ్గర మూడు కుక్కలు. అవి గోతం వంక చూశాయి, ఇది మాకే కదా అన్నట్టు. మూతి కొంచెం సడలించాడు. లోపల నలుపూ తెలుపూ మచ్చల పిల్లి, చెవి కొస చిరిగి ఉంది, కరుస్తుందనుకున్నాడు, కరవలేదు, రక్కలేదు, మూడు మండలాల దూరం ఆ దుమ్ములో ఆ పీచులో ఊపిరాడక నోరు తెరుచుకుని అతని మొహంలోకి చూసింది. పైనుంచి నాంచారయ్య హారన్ కొట్టాడు. ఆ పెద్దమనిషి గొడుగు కింద నించుని చేతికి మట్టంటకుండా ఒక మాట చెప్పాడు, పాలేరు గోతం కట్టాడు, నాంచారయ్య బస్సు ఆపాడు, చివరికి ఆ కుక్కల ముందు మూతి విప్పే చెయ్యి మాత్రం దుర్గారావుది. పాపమంతా ముక్కలు ముక్కలుగా పంచేసుకుని ఎవరి ముక్క వాళ్ళకి చిన్నదిగా కనిపించేట్టు భలే ఏర్పాటు చేసుకున్నారు. మూతి మళ్ళీ బిగించి గోతాన్ని తీసుకొచ్చి సీటు కిందే పెట్టాడు. ఏమైంది, ఏమైంది అని బస్సంతా అడిగింది. దిగాల్సిన వాళ్ళు దిగండి అన్నాడు, అక్కడ దిగాల్సిన వాళ్ళెవరూ లేకపోయినా. బందరు ఆఖరి ట్రిప్పులో పిల్లి మళ్ళీ కృష్ణ మీదుగా ఇటొచ్చింది. దానికి టికెట్ కొట్టావా బావా అని నాంచారయ్య డిపో దాకా నవ్వుతూనే ఉన్నాడు. రెండుసార్లు నీళ్ళు దాటితే మర్చిపోయిన ఇల్లు మళ్ళీ గుర్తొస్తుందేమో, ఆ సంగతి మాత్రం బస్సులో పండితులెవరూ చెప్పలేదు.

పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలట, అప్పటిగ్గానీ ఆ పాపం పోదట. అందుకని చంపరు. జాలి ఉండి కాదు, బంగారం పోతుందని. అంతగా భయమైతే మా చిలకలపూడిలో చెప్తే కవరింగు పిల్లిని చేసి ఇస్తారు కదండీ, తళతళలాడుతూ, అసలు బంగారమేనని దేవుడు కూడా నమ్ముతాడు, అని శోభనాద్రి గారితో అన్నట్టు ఊహించుకుని దుర్గారావు చీకట్లో నవ్వాడు, ఆ నవ్వు తనకే బాగోలేదు. చంపలేదు అన్న ఒక్క మాటకి ఇంత మర్యాదా? చంపకపోతే చాలా? మధ్యలో ఉన్నదంతా, ఆ గోతం, ఆ దుమ్ము, ఊరు కాని ఊళ్ళో గట్టు మీద కుక్కల మధ్య పడేసి తిరిగి చూడకపోవడం, దానికి పేరు లేదా, దానికి ఏ దానమూ చెప్పలేదా ఎవరూ? ఏ దానమూ చెప్పలేదు కాబట్టే అందరూ అదే చేస్తారు.

ఎస్తేరమ్మని కూడా అలాగే చేశారు. వద్దనుకున్నా ఆవిడే గుర్తొస్తోంది, మధ్యాహ్నం నుంచీ గుర్తొస్తోంది, గోతంలో ఆ నోరు తెరుచుకున్న మొహం చూసినప్పటినుంచీ. గుడివాడలో పెద్ద మేడ, పేరెందుకు, ఆ మేడలో పిల్లల్ని ఎత్తుకుని పెంచి, ఆ పిల్లల పిల్లల్ని కూడా ఎత్తుకుని ముసలిదైంది ఎస్తేరమ్మ. ఒకరోజు ఆ ఇంటాయన ఆవిణ్ణి స్వయంగా బస్సెక్కించాడు, కిటికీ పక్క సీటు అడిగి మరీ ఇప్పించాడు, టికెట్ తీశాడు, ఒడిలో బత్తాయిలు పెట్టాడు. నాగాయలంక అవతల ఆవిడ పుట్టిన ఊరట, వాళ్ళవాళ్ళొచ్చి తీసుకుపోతారు, అవనిగడ్డలో ఆటో ఎక్కించు దుర్గారావూ, అన్నాడు. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాడు దుర్గారావు. అవనిగడ్డలో అడిగితే ఆవిడకి ఊరి పేరు తప్ప ఏమీ తెలీదు. వాళ్ళవాళ్ళెవరంటే అన్న ఉండేవాడంది, ఉప్పెనకి ముందు ఉండేవాడంది. ఆ ఊళ్ళో ఇప్పుడెవరైనా ఉన్నారా అంటే బత్తాయి ఒకటి తీసి ఇచ్చింది. దుర్గారావు ఆవిణ్ణి ఎక్కడా దింపలేదు. మర్నాడు అదే బస్సులో వెనక్కి తీసుకెళ్ళి ఆ మేడ గేటు ముందు నించోబెట్టాడు. వాళ్ళు తిట్టలేదు, అదే విచిత్రం. అయ్యో పాపం, వాళ్ళవాళ్ళు రాలేదా అన్నారు, దుర్గారావుకి కాఫీ ఇచ్చారు, ఇత్తడి గ్లాసులో, మంచి కాఫీ. వారం తిరక్కుండా మళ్ళీ పంపించేశారు. ఈసారి కండక్టరు దుర్గారావు కాదు. ఆ కండక్టరుని అడిగితే, దింపమన్నచోట దింపేశాను, నీకేంటి బాధ అన్నాడు. నిజమే, దింపమన్నచోట దింపాడు. ఎవరూ ఎవర్నీ చంపలేదు.

బరబరబర. ఊరుకోవే, అన్నాడు దుర్గారావు. పిల్లి ఊరుకోలేదు, ఈసారి గొంతు కూడా కలిపింది, మ్యావు కాదు, పొట్టలోంచి వచ్చే మూలుగులాంటిది, ఎవరినో పిలుస్తున్నట్టు పిలిచి, జవాబు కోసం ఆగి, రాక, మళ్ళీ పిలిచింది. మా ఊళ్ళో పుట్టుంటే తెలిసేది నీకు, అనుకున్నాడు. సముద్రం ఒడ్డున వాళ్ళమ్మ పోలమ్మ వలలోంచి చేపలు వేరు చేస్తుంటే పిల్లులు వరసగా వచ్చి కూర్చునేవి, ఎగబడేవి కావు, ఆవిడ వేలంపాట మొదలెట్టకముందే చిన్న చేపలు నాలుగు అటు విసిరేది, కొనడానికొచ్చిన షావుకారు అవీ లెక్కలోవే కదమ్మా అంటే, అది వాటి వంతు, నీదీ కాదు నాదీ కాదు అనేది. దొంగపిల్లి అన్న మాటే ఆ ఒడ్డున వినలేదు దుర్గారావు, వంతు ఇచ్చేచోట దొంగ ఎక్కణ్ణించొస్తాడు. అమ్మ చేతులకి ఎప్పుడూ ఉండే ఆ వాసన ఇప్పుడు గాల్లో ఉంది. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు ఆ వాసనకి, వాళ్ళ ఇళ్ళలో పులుసు ఆ చేపలదే. అదీ ఒక మంటే, కాకపోతే పాతది. ఇవాళ ఇదంతా ఎందుకు లేస్తోందో, ఒక పిల్లి తలుపు గీకితే ఇన్ని మంటలా అని అతనికే ఆశ్చర్యంగా ఉంది. అయినా ఈ పిల్లికి మాత్రం బుద్ధుండొద్దా? గోతంలో కట్టి పారేసినవాళ్ళ ఇంటికా ఈ తహతహ? ఆ ఇంటికి పోతే ఏముంది, మళ్ళీ గోతమే కదా. కొట్టినవాళ్ళ గుమ్మం కోసం ఏడుస్తూ పెట్టినవాళ్ళ పళ్ళెం ముట్టని ఈ పొగరేంటి? చేసిన మంచికి ఇదా మర్యాద అని పిల్లి మీద నిజంగానే కోపమొచ్చింది. కోపమొచ్చి పళ్ళెం తీసుకెళ్ళి దాని మూతి ముందు పెట్టాడు. తిను, అన్నాడు, తిని చావు. అది పళ్ళెం మీంచి కాలేసి నడిచి తలుపు దగ్గరికే పోయింది.

రామలక్ష్మి లేచింది. ఆవిడ నిద్రపోలేదని అప్పుడు తెలిసింది. సాయంత్రం నుంచీ ఆవిడ పిల్లిని ఎందుకు తెచ్చావనీ అనలేదు, మంచి పని చేశావనీ అనలేదు, ముల్లు తీసి అన్నం కలిపి పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించి నేల మీద పెట్టింది, పిల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది, చెయ్యి చాచలేదు, ఊరికే కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. పిల్లి బరకడం ఆపింది, ఆవిడ మోకాలు వాసన చూసింది, మళ్ళీ తలుపు వైపు తిరిగింది. అప్పుడు ఆవిడ దాని పొట్ట కిందికి నెమ్మదిగా అరచెయ్యి పోనిచ్చింది. పోనిచ్చి తీసి, ఆ చేతిని కొవ్వొత్తి దగ్గర పెట్టి చూసుకుంది. ఇనప పెట్టె వెనక అది పడుకున్న చోట నేల కూడా చూసొచ్చింది, గచ్చు మీద తడి మచ్చలున్నాయి.

"మావా, ఇది పాలిచ్చే పిల్లి," అంది.

దుర్గారావుకి ముందు అర్థం కాలేదు. పాలు గిన్నెలో ఉన్నాయి కదా అనుకున్నాడు, తాగితే కదా. తర్వాత అర్థమైంది. ఇల్లు కోసం కాదు ఆ బరకడం, గుమ్మం కోసం కాదు, పొగరు కాదు. మొవ్వలో ఎక్కడో, అటక మీదో, గాదె వెనకో, ఎరువుల బస్తాల మధ్యో పిల్లలున్నాయి, మధ్యాహ్నం నుంచీ చుక్క పాలు లేకుండా ఉన్నాయి, ఇది ఇక్కడ పాలు నేల పాలు చేసుకుంటూ తలుపు గీకుతోంది. తనేమో దాని ముందు పళ్ళెం పెట్టి తిని చావమన్నాడు. దాన్ని ఎక్కడికి తీసుకురావాలో తెలీక, కుక్కల నుంచి కాపాడేశానని ఛాతీ విరుచుకుని, ఆఖరి ట్రిప్పులో ఇంకా దూరం తెచ్చేశాడు. ఆ గట్టు మీద వదిలేసినా ఏ రాత్రికో నడిచి నీళ్ళు దాటి పోయేదేమో. ఈ తలుపుకి మాత్రం దాటే దారి లేదు, గడియ వేసింది తనే.

"ఫోన్ చెయ్యి మావా. తిట్టడానికి కాదు. పిల్లలున్నాయో లేవో కనుక్కో."

సెల్ కొని ఎన్నాళ్ళో కాలేదు, దాంట్లో ఉన్న నంబర్లు తక్కువ, వాటిలో శోభనాద్రి గారిది ఉంది. ఏది పంపినా అందిందా అని ఆయన మర్నాడు చేసి అడుగుతారు, మర్యాదకి లోటు లేదు. దుర్గారావు లేచి నించున్నాడు, కూర్చుని మాట్లాడే మాటలు కావు ఇవి. ఏం అనాలో అంతా సిద్ధంగా ఉంది, సాయంత్రం నుంచీ నూరుకుంటున్నదే. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి కాదు, మొహం మీదే అంటాడు. ఏమండీ, మీ ఇంట్లో దీపం పెట్టే ఆడవాళ్ళున్నారా? పాలిచ్చేదాన్ని మూట కట్టినప్పుడు ఒక్కళ్ళ చెయ్యీ వణకలేదా? కార్తీకంలో మీరు వదిలేసిన చేపలన్నీ కలిపి ఈ ఒక్క గోతంతో సరిపోయిందా? నన్నేమనుకున్నారు, మీ పాపాలు మోసే గాడిదననుకున్నారా, ఇకమీదట మీ క్యారేజీ, మీ మందు, మీ దండ, ఏదీ నా బస్సెక్కదు. గారు తీసేసి అనాలి. శోభనాద్రీ అనాలి. ఒకసారి పెదవులతో అని చూసుకున్నాడు, వచ్చింది. నంబరు నొక్కాడు. ఈ వేళప్పుడు ఎంతసేపు మోగితే ఎత్తుతారో అనుకున్నాడు.

ఒక్క మోతకే ఎత్తారు.

"ఎవరూ, దుర్గారావా? దాటించేశావా అబ్బాయ్?"

ఆ గొంతు వెనకాల, సన్నగా, సూది మొనంత సన్నగా, ఆగకుండా అరుపులు. రెండో, మూడో, ఒకదాన్ని ఒకటి అందుకుంటూ. బతికే ఉన్నాయి. శోభనాద్రి గారు చెప్పుకుపోతున్నారు, ఎవరో ఒకరు ఫోన్ చేసినందుకు సంతోషించినట్టే ఉన్నారు. చీకటి పడ్డప్పటినుంచీ ఈ గోల, ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదట, అటక మీద పాత పరుపులో పెట్టిందట ముండ, ఎవరూ చూసుకోలేదట. పిల్లుందని తెలుసుగానీ పిల్లలున్నాయని తెలీదట.

"చంపలేం కదా, ఆ పాపం మనకెందుకు. పొద్దున్నే నీ బస్సుకే ఇచ్చి పంపిస్తాను. తల్లిని దాటించినచోటే వీటినీ దాటించెయ్యి. ఇంకెవరికన్నా ఇస్తే ఏ కాలవలోనో పారేస్తారు. నువ్వైతే నమ్మకం."

నమ్మకం. దుర్గారావు కళ్ళు మూసుకున్నాడు. నూరుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చి నించున్నాయి, ఒక్కటి జారితే చాలు. అవతల ఈ మనిషికి రోషమొస్తుంది, ఎవడో కండక్టరు నన్నింత మాటంటాడా అని ఫోన్ పెట్టేస్తారు, పెట్టేసి ఆ అటక దగ్గరికి పాలేర్ని లేపుతారు, మొవ్వలో కాలవ ఎంతో దూరం లేదు. పొద్దుటి బస్సు ఇంకా ఎంతో దూరం ఉంది. అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, ఇవాళా ఆయన చేతిలోనే. దుర్గారావు నించున్నవాడు కూర్చున్నాడు.

"అలాగేనండీ, పంపించండి. గోతంలో వద్దండీ, బుట్టలో గుడ్డేసి పంపించండి. తెల్లారేదాకా కొంచెం దూదిని ఆవుపాలల్లో ముంచి నోటికందించమనండీ ఇంట్లోవాళ్ళని. మీరు కాబట్టి చంపకుండా చూస్తున్నారు. ఇంకొకరైతే..." అన్నాడు. శోభనాద్రి గారు ఆ మాటకి మెత్తబడ్డారు, అదేముందిలేవయ్యా, ఏదో మన చేతనైనంత అన్నారు. ఎవర్నో కేకేసి పాలు వెచ్చబెట్టమన్నారు.

రామలక్ష్మి చెయ్యి అతని భుజం మీద పడింది. తలుపు దగ్గర చప్పుడు లేదు. పిల్లి ఇటు తిరిగి ఉంది. చిరిగిన చెవీ మంచి చెవీ రెండూ నిక్కబొడుచుకుని, కొవ్వొత్తి పక్కనుంచి, పళ్ళెం పక్కనుంచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. దుర్గారావు మోకాలి మీద ముందుకాళ్ళు రెండూ పెట్టింది. సాయంత్రం నుంచీ తాకనివ్వనిది మొహం తెచ్చి అతని చెంపకీ ఫోన్‌కీ మధ్య దూర్చి, ఆ చిన్న చిల్లుల్లోంచి వస్తున్న అరుపులకి అదే పిలుపు, పొట్టలోంచి వచ్చే ఆ పిలుపు పిలిచింది. అవతల అరుపులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

దుర్గారావు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి అరచేతిలో పెట్టుకుని కిందికి దించాడు.

"అయితే పొద్దున్నే పంపిస్తా, ఉంటా మరి," అంటున్నారు శోభనాద్రి గారు.

"ఉండండుండండి. పెట్టెయ్యకండి. సరిగా వినపడ్డం లేదండీ, కాస్త ఆ అటక కిందికొచ్చి మాట్లాడండి."

చెప్పుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, అరుపులు దగ్గరయ్యాయి. పిల్లి రెండు కాళ్ళతో అతని మణికట్టు పట్టుకుంది. వచ్చాను, ఇంకేం చెప్పమంటావయ్యా ఈ వేళప్పుడు, అని ఆయన గొంతు వాటి వెనకనుంచి అడిగింది.

"ఏదో ఒకటి చెప్పండి శోభనాద్రి గారూ," అన్నాడు దుర్గారావు. "వింటున్నాం."